చీటీ లేని నాణెం

ధరణికోట, వడ్డమాను చుట్టుపక్కల చేలల్లో తొలకరి గట్టిగా పడి పైమట్టి కొట్టుకుపోయాక అప్పుడప్పుడూ చిన్న సీసపు బిళ్ళలు బయటపడతాయి. బూడిద రంగు, అంచు గుండ్రంగా ఉండీ ఉండనట్టు ఉంటుంది, అరచేతిలో పెడితే సైజుకు మించిన బరువు. ఒకవైపు ఏనుగో గుర్రమో సింహమో. రెండోవైపు కూడిక గుర్తు, దాని నాలుగు కొసలకూ నాలుగు సున్నాలు. నాణేలవాళ్లు దాన్ని ఉజ్జయిని గుర్తంటారు. శాతవాహనుల నాటి చిల్లర డబ్బులివి.

అదే బిళ్ళ నాలుగు చేతులు మారి బెజవాడలో పాత సామాన్ల కొట్టుకు చేరిందనుకోండి. బరువు తూచొచ్చు, బొమ్మ చూడొచ్చు, ఏ రాజుదో ఊహించొచ్చు. ఏ ఊళ్లో, ఏ చేను గట్టున, ఏ పెంకుల పక్కన దొరికిందన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆ ఒక్క ముక్క పోతే సగానికి పైగా పోయినట్టే. సేకరణ అంటే వస్తువు అనుకుంటారు గానీ, దాని వెంట ఉండే, ఎక్కడ దొరికిందో రాసిన చీటీయే అసలు సరుకు. మన కృష్ణా, గుంటూరు సీమల చరిత్ర నిలిచిందీ జారిపోయిందీ ఆ చీటీ దగ్గరే.

ఇక్కడి చరిత్రను మొదట పోగేసినవాళ్లలో చరిత్ర పేరుతో జీతం తీసుకున్నవాళ్లు దాదాపు లేరు. కాలిన్ మెకంజీ సర్వేయరు, పటాలు గీయడం ఆయన ఉద్యోగం. వాల్టర్ ఇలియట్ గుంటూరుకు కమిషనరుగా వచ్చినవాడు, శిస్తుల పని. పాట్రిక్ రస్సెల్ వైద్యుడు. మల్లంపల్లి సోమశేఖరశర్మ గారికి పెద్ద డిగ్రీ లేదు, శాసనాలు చదివి చదివి పండితుడయ్యారు. సేకరించేవాడిని ఇంగ్లీషులో కలెక్టరు అంటారు గానీ, ఆ మాట మనకు జిల్లా అధికారిగా స్థిరపడిపోయింది కాబట్టి ఇలాంటివాళ్లను ఏమని పిలవాలో కూడా తెలుగులో సరిగ్గా కుదరలేదు. ఔత్సాహికులు అందాం, కాస్త పత్రికల వాసన వేసినా.

అమరావతి సంగతే చూడండి. 18వ శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు చింతపల్లి నుంచి మకాం మార్చి కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు ఇటుకకూ రాతికీ పనివాళ్లు తవ్విన దిబ్బ పేరు దీపాలదిన్నె. అదే మహాస్తూపమని అప్పుడెవరికీ తెలియదు. చెక్కిన పలకలు కొన్ని శివగంగ చెరువు మెట్లకు పోయాయి, కొన్ని గుళ్లలోకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీలో కాలిపోయాయి. పలనాటి సున్నపురాయి కదా, కాల్చినవాడికి అది శిల్పం కాదు, గోడకు సున్నం. 1797లో మెకంజీ ఆ సంగతి విని వచ్చి చూశాడు. మళ్లీ 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని వచ్చి, మరుసటి ఏడు దాకా పలక పలకా కొలిపించి గీయించాడు. ఎనభైకి పైగా పుటలయ్యాయి. ఆ బొమ్మల్లో ఉన్న పలకలు కొన్ని ఇవాళ ప్రపంచంలో ఎక్కడా లేవు. కాగితం మీద మాత్రం ఉన్నాయి.

తరవాత 1845లో ఇలియట్ తవ్వించి ఎన్నో రాళ్లు మద్రాసుకు పంపాడు. అవి అక్కడ ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. ఆ తరవాత ఓడెక్కి లండన్ చేరాయి. 1867లో ఫెర్గూసన్ అనే కట్టడాల పండితుడి కంటబడేనాటికి అవి ఒక భవనపు బగ్గీల కొట్టంలో ఉన్నాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో నూట ఇరవైకి పైగా శిల్పాలున్నాయి. రాళ్లు దక్కాయి, సంతోషమే. కానీ ఏ పలక స్తూపానికి ఏ దిక్కున, ఏ పలక పక్కన నిలబడి ఉండేదో రాసిన చీటీ సరిగ్గా లేకపోవడంతో పండితులు నూట యాభై ఏళ్లుగా ఆ ముక్కల్ని అతుకుతూనే ఉన్నారు. 1877లో సూయెల్, 1881లో బర్జెస్ వచ్చి తవ్వారు. ఆ ఇద్దరి మధ్యలో 1880లో మద్రాసు ప్రభుత్వమే దిబ్బ మొత్తం తవ్వించి శుభ్రం చేయమంది. మిగిలింది పెద్ద గుంట. నా లెక్కలో మెకంజీ కొలతల పుస్తకం ఆ ప్రభుత్వ తవ్వకం కన్నా ఎక్కువ విలువైనది. ఆయన తీసుకుపోయింది తక్కువ, రాసుకున్నది ఎక్కువ.

మెకంజీ ఒక్కడే చేశాడనుకుంటే పొరపాటు. ఏలూరి వాడైన కావలి బొర్రయ్య లేకపోతే ఆయనకు మన శాసనం ఒక్క అక్షరం కూడా తెలిసేది కాదు. బొర్రయ్య 1803లో, ముప్ఫై నిండకుండానే పోయాడు. అన్నదమ్ములు లక్ష్మయ్య, రామస్వామి పని కొనసాగించారు. ఊరూరా కరణాల దగ్గర కూర్చుని, ఊరి పాత లెక్కల పుస్తకాలైన దండకవిలెలు విప్పించి రాయించిన ఊరి చరిత్రలే ఇప్పుడు మనం కైఫియత్తులంటున్నవి. మెకంజీ చనిపోయాక లెక్క తీస్తే శాసనాల నకళ్లు 8,076, నాణేలు 6,218 తేలాయి.

కైఫియత్తును వాడుకోవడంలో ఒక మెలకువ ఉంది. ఊరి పుట్టుక కథ దగ్గర త్రిలోచన పల్లవుడనే పాత కథల రాజు వస్తాడు, అగ్రహారాలిస్తాడు, కలలో దేవుడు కనపడతాడు. అక్కడ పెన్సిలు పక్కన పెట్టి వినాలి. చెరువు పేరు, తూము, పొలిమేర రాయి, ఈనాం భూములు, ఏ సంవత్సరంలో ఎవరు అమీను, అంటే శిస్తు అధికారి, అనే దగ్గరికి వచ్చేసరికి కరణం చేయి చాలా వరకు నిజాయితీగా నడుస్తుంది, ఎందుకంటే అవి అతని శిస్తు లెక్కలు. చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు. కథను చరిత్రగా ఊరి తోరణం మీద రాయిస్తారు, తూము పేరు వదిలేస్తారు.

ఇక నాగార్జునకొండ. 1926లో పలనాట సూరపరాజు వేంకటరామయ్య అనే బడిపంతులు అక్కడి లోయలో ఒక పాత స్తంభం చూశారు. దాన్ని ఇంటికి మోసుకుపోలేదు, గుళ్లో నిలబెట్టించలేదు. మద్రాసు ప్రభుత్వానికి తెలియపరిచారు. శాసనాల శాఖ నుంచి తెలుగు సహాయకుడు వచ్చి చూశాడు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. ఇక్ష్వాకు రాజులు, వాళ్ల రాజధాని విజయపురి, అంత పెద్ద బౌద్ధ క్షేత్రం వెలికి వచ్చాయి. 1954లో డ్యాం కోసం మళ్లీ హడావుడిగా తవ్వకం మొదలయ్యేసరికి ఏది ఎక్కడుందో కొంతైనా తెలుసు కాబట్టే కట్టడాలను కొండ మీదికి తరలించగలిగారు. ఆ కబురు ముప్ఫై ఏళ్లు ఆలస్యమై ఉంటే అంతా నీళ్ల కింద ఉండేది.

కబురు పెట్టడమంటే ఏం రాయాలి? నాణెమైతే ఒక్కో దానికి ఒక్కో చీటీ, పోస్టుకార్డులో సగం ఉన్నా చాలు. ఇలా: «వరస సంఖ్య 14. సీసం. 4.37 గ్రా. 17 మి.మీ. ముందు: ఏనుగు కుడివైపుకు, తొండం ఎత్తి. వెనక: ఉజ్జయిని గుర్తు. అక్షరాలు: పైన మూడు కనిపిస్తున్నాయి, మొదటిది ర. దొరికిన చోటు: ఊరు, సర్వే నంబరు, బావికి తూర్పున ఇన్ని అడుగులు. లోతు: దున్నిన చాలులో. వెంట దొరికినవి: నలుపు ఎరుపు కుండ పెంకులు 6. తేదీ. చూసినవారు.» బరువు గ్రాములో నూరో వంతు దాకా తూగే చిన్న బంగారు కాటాతో చూడాలి, కిరాణా కాటాతో కాదు. అరిగిన బిళ్ళకు బరువే సగం జాతకం. ఫోన్లో జీపీఎస్ అంకెలు కూడా రాయండి, కానీ వాటినే నమ్ముకోవద్దు. చెట్ల కింద అది నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. బావి, గట్టు, విద్యుత్ స్తంభం లాంటి కదలని గుర్తు ఒకటి తప్పక ఉండాలి.

ఫొటో తీసేటప్పుడు వెలుగు నెత్తి మీది నుంచి పడితే అక్షరాలు మాయమవుతాయి. గడియారంలో పదకొండు గంటల దిక్కు నుంచి వాలుగా పడాలి. పక్కన స్కేలు. ఫ్లాష్ వద్దు.

శుభ్రం చేయడం దగ్గరే ఎక్కువ నాణేలు చస్తాయి. మన ఇళ్లలో ఇత్తడి చెంబు తోమే అలవాటు కొద్దీ చింతపండు పులుసు రాస్తారు, లేదా నిమ్మచెక్క, లేదా గిన్నెల పొడి. సీసానికి పులుపు విషం. రెండు నిమిషాల్లో పైపొర కరిగి, రెండు వేల ఏళ్లు నిలిచిన అక్షరం బురదలో కలిసిపోతుంది. రాగి నాణెం తళతళ మెరుస్తుంది, కానీ దాన్ని కాపాడుతున్న పాచిపొర పోయి కొత్తగా తుప్పు పట్టడం మొదలెడుతుంది. వెదురు పుల్ల, మెత్తని బ్రష్, ఓపిక. అంతకు మించి ఇంట్లో ఏదీ చేయకపోవడమే మేలు.

రాగి మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతూ, తుడిచినా వారానికి మళ్లీ వస్తుంటే అది మామూలు పాచి కాదు. మట్టిలోని ఉప్పు లోహంలోకి దిగి గాలిలో తేమతో కలిసి తినేస్తోంది. బెజవాడ గాలిలో తేమకు లోటేముంది. ఆ నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు ఉంచి, బాగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టాలి. అయితే ఇదే వైద్యం సీసానికి చేయకూడదు. డిస్టిల్డ్ వాటర్ స్వచ్ఛంగా ఉంటుంది కాబట్టే సీసాన్ని కరిగిస్తుంది. ఒకే గిన్నెలో రెండు లోహాలూ నానబెట్టి సీసపు బిళ్ళలు పోగొట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

సీసాన్ని చెక్క పెట్టెలో కూడా పెట్టొద్దు. చెక్క నుంచీ అట్ట నుంచీ, ముఖ్యంగా ప్లైవుడ్ జిగురు నుంచీ సన్నగా పులుపు ఆవిరి వస్తుంది. మూసిన సొరుగులో అది నిలిచి నాణెం మీద తెల్లని పొడి పట్టిస్తుంది. ఆ పొడి చేతికంటితే కడుక్కోవాలి, విషం. స్టీలు బీరువా, పాలిప్రొపిలీన్ కవర్లు వాడాలి. బజారులో చవగ్గా దొరికే మెత్తని, వాసన వేసే పీవీసీ ఆల్బం కొనొద్దు. మన ఎండలకు అది జిడ్డుగా కారి రాగికి అంటుకుంటుంది.

నకిలీల గురించి ఒక్క మాట. పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని గీత, లోపల సూదిమొన బుడగలు ఉంటాయి. ఒకే చోట ఒకే లోపం ఉన్న రెండు నాణేలు కనిపిస్తే రెండూ అనుమానించండి.

నాణేల మోజులో అందరూ వదిలేసేది కుండ పెంకులు. దిబ్బ మీద నడిస్తే కాలికింద చిట్లేది అదే. లోపలివైపు నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకు, లోపలి అడుగున సన్నని చుక్కల వలయాలున్న బూడిదరంగు పళ్లెం ముక్క, ఈ రెండింటితో ఒక దిబ్బ కాలాన్ని నాణెం కన్నా నమ్మకంగా చెప్పొచ్చు. నాణెం వందేళ్లు చేతులు మారుతుంది, పగిలిన పళ్లేన్ని ఎవరూ దాచుకోరు. సేకర్తల ఇష్టం చరిత్రను ఎలా వంచుతుందో ఇక్కడే తెలుస్తుంది. వెండి నాణేలు ఆల్బంలోకి పోయాయి, సీసం కరిగి తూకపు గుండయింది, పెంకులు చేలగట్లలో కలిసిపోయాయి. చివరికి పుస్తకంలో రాజులు మిగిలారు, సంతలో బేరమాడినవాళ్లు మిగల్లేదు.

శాసనాల విషయానికొస్తే, బెజవాడ ఇంద్రకీలాద్రి మీద మల్లేశ్వరస్వామి గుడిలో చాళుక్య రాజు యుద్ధమల్లుని శాసనముంది. తెలుగు పద్యం రాతి మీద నిలిచిన తొలినాటి చోట్లలో అదొకటి, మధ్యాక్కర అనే ఛందస్సులో నడుస్తుంది. ఇలాంటి అక్షరాలు కనపడగానే జనం చేసే పని సుద్దో బియ్యప్పిండో రుద్దడం. ఫొటోకు బాగానే వస్తుంది. సుద్ద గీతల్లో ఇరుక్కుపోతుంది, పిండికి చీమలు పడతాయి, పైగా రుద్దినవాడు తనకు తోచిన అక్షరాన్నే తెల్లగా చేస్తాడు. తరవాత వచ్చినవాడు రాయిని కాదు, సుద్దను చదువుతాడు.

దానికన్నా రాత్రిపూట ఒక టార్చి చాలు. రాతికి దాదాపు ఆనించినట్టు, పది పదిహేను డిగ్రీల వాలులో పక్క నుంచి వెలుగు కొట్టండి. నాలుగు దిక్కుల నుంచీ నాలుగు ఫొటోలు. కుడి వెలుగులో గుడిదీర్ఘం కనపడుతుంది, పైవెలుగులో తలకట్టు కనపడుతుంది.

శాసనాన్ని కాగితం మీదికి అచ్చు తీయడం నేర్చిన చేతి పని. రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. ముందు రాతిని మంచినీళ్లతో, కొబ్బరిపీచు లాంటి మెత్తని బ్రష్‌తో కడగాలి. గట్టి, జిగురు తక్కువ ఉన్న కాగితాన్ని తడిపి మధ్య నుంచి అంచులకు పరవాలి, కింద గాలి బుడగ ఉండకూడదు. గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో నిలువుగా తట్టుతూ పోతే కాగితం అక్షరపు గాడిలోకి దిగుతుంది. పక్కకు లాగారా, చిరుగుతుంది. తడి పోయి చెమ్మ మిగిలినప్పుడు, దీపపు మసి, జిగురు కలిపిన సిరాను గుడ్డ ఉండతో తేలిగ్గా అద్దాలి. ఉండను ముందు ఒక పలక మీద అద్ది, ఎక్కువైన సిరా తీసేశాకే కాగితం మీదికి రావాలి. రాయి నల్లగా, అక్షరం తెల్లగా లేస్తుంది. కాగితం ఇంకా తడిగా ఉండగా అద్దితే సిరా దిగిపోయి రాయే నల్లబడుతుంది. మే నెల గుంటూరు ఎండలో ఇంకో చిక్కు, ఒక మూల తట్టేలోపు రెండో మూల ఎండి లేచిపోతుంది. తెల్లవారుజామునే మొదలెట్టాలి.

మొక్కలూ పాములూ సేకరించినవాళ్లు చరిత్రకు ఏం చేశారని అడగొచ్చు. మన మాటల్ని లోకం నోట్లో పెట్టారు. పందికొక్కు ఇంగ్లీషులో బ్యాండికూట్ అయింది. విశాఖ తీరంలో పాములు పోగేసిన రస్సెల్ 1796 నాటి పుస్తకంలో తెలుగు పేర్లే వాడాడు, కట్లపాము జాతికి శాస్త్రం పెట్టిన బంగారస్ అన్న పేరు ఆ పుస్తకంలోని మన బంగారం నుంచి వచ్చిందే. సోమిద చెట్టు శాస్త్రనామం సోయ్‌మిడా. ఇలియట్ అయితే 1859లో ఫ్లోరా ఆంధ్రికా పేరుతో తెలుగు మొక్కల పేర్ల జాబితానే వేశాడు. అప్పటి పల్లెల్లో ఏ మొక్కను ఏమనేవారో తెలుసుకోవాలంటే ఇప్పటికీ దాన్ని తిరగేయాల్సిందే. మనవాళ్లలో పింగళి వెంకయ్య గారిని జెండాతోనే గుర్తుపెట్టుకున్నాం. కంబోడియా పత్తి మీద పని చేసి పత్తి వెంకయ్య, రాళ్ల మీద పని చేసి డైమండ్ వెంకయ్య అనిపించుకున్న మనిషి. 1916లోనే రకరకాల జెండాల నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో గాంధీ గారి చేతికి జెండా అందింది. నమూనాలు పోగేసే బుద్ధి పత్తి దగ్గరా జెండా దగ్గరా ఒకటే అని నాకనిపిస్తుంది.

చెట్టు పేరులోనే కాలం దాగి ఉంటుంది. సర్కారు తుమ్మ అన్నామంటే అది సర్కారు తెచ్చి నాటించిందని ఊరు గుర్తుపెట్టుకుందన్నమాట. గుంటూరు అంటే మిరప, మిరప అంటే గుంటూరు అనుకుంటాం గానీ, అది పోర్చుగీసువాళ్ల వెంట అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. అంతకు ముందు మన కారం మిరియం, ఆ మాటే కొత్త కాయకు అతుక్కుంది.

మొక్క నొక్కిపెట్టడం సులువే. పువ్వో కాయో ఉన్న కొమ్మను పాత దినపత్రికల మధ్య పరిచి, ఒక ఆకు వెనక్కి తిప్పి, పైన బరువు పెట్టండి. మొదటి మూడు నాలుగు రోజులూ రోజూ కాగితాలు మార్చాలి, ముసురు పట్టిన రోజుల్లో రెండు పూటలా. మార్చకపోతే నాలుగో రోజుకు బూజు. జెముడు, కలబంద లాంటి నీరు పట్టిన మొక్కలు నొక్కినా చావవు, మరిగే నీళ్లలో ఒకసారి ముంచి తీయాలి. ఎండాక 42 × 28 సెం.మీ. అట్టకు కుట్టాలి. పురుగు పట్టకుండా కవరులో మూసి ఫ్రీజరులో వారం పెట్టండి. పాతకాలపు పుస్తకాల్లో చెప్పే పాదరసపు మందుల జోలికి పోవద్దు. ఎండితే పోయేవి రంగు, వాసన, ఎత్తు, కాబట్టి చీటీలో ముందు రాయాల్సినవీ అవే. ఊళ్లో పేరు రాసేటప్పుడు ఏ ఊరి మాటో కూడా రాయండి, ఏరు దాటితే పేరు మారుతుంది. పక్షుల దగ్గరి నుంచి నోటుబుక్కులో రాసుకున్నది తప్ప మరేదీ తేవొద్దు. ఉప్పలపాడు చెరువులో గూడబాతులు ఏ వారం దిగాయి, ఏ వారం లేచిపోయాయి అన్నది పదేళ్లు రాస్తే అదే సేకరణ. గుడ్డు, గూడు ముట్టుకుంటే నేరం.

ఇక లంకెబిందెలు. నేలలో దొరికిన వాటిని జనం కరిగించేది అత్యాశతో కన్నా భయంతో. 1878 నాటి నిధినిక్షేపాల చట్టమే ఇప్పటికీ నడుస్తోంది. నేలలో దాగి దొరికిన వస్తువుల విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, సుమారు ఎంత, ఎక్కడ, ఏ తేదీన, ఈ నాలుగూ ఉండాలి. చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చెప్పినవాడికి చట్టంలో హక్కు ఉందన్నది ఎవరూ చెప్పరు. సొత్తుకు పాత హక్కుదారు ఎవరూ లేరని తేలి, నేల యజమానితో వేరే ఒప్పందమేమీ లేకపోతే, దొరికినవాడికి మూడు వంతులు, యజమానికి ఒక వంతు. సర్కారు తీసుకుంటే లోహపు విలువకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి. చూశారా, ఆ చట్టం అడిగేది కూడా మన చీటీయే. ఇది కాక 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన రాతి, లోహ విగ్రహాల్లాంటివి ఇంట్లో ఉంటే రిజిస్టరు చేయించాలి, దేశం దాటించకూడదు.

చీటీని పెన్సిలుతో రాయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు కింది అంతస్తుల్లో తడిసిన కాగితాల్లో జెల్ పెన్ను రాతంతా నీలి మరక అయి ఉంటుంది, పెన్సిలు గీత నీళ్లకు చెదరదు. చీటీల నకలు ఇంకో ఇంట్లో, మేడ మీద ఉండాలి. తడిసినవి దొరికితే ఒకదాన్నొకటి పీకి విడదీయొద్దు, ఎండలో వేయొద్దు. కట్ట కట్టగా కవరులో పెట్టి ఫ్రీజరులో వేస్తే బూజు ఆగుతుంది. తీరిక దొరికాక ఒక్కో కట్టనే బయటికి తీసి, ఫ్యాను గాలికి, తెల్ల కాగితాల మధ్య ఆరబెట్టుకోవచ్చు.